పాత రీలోడింగ్ ప్రెస్ కొంటున్నారా? కొత్త రంగు కింద ఏముందో చూడండి

అమెరికాలో ఉంటూ వేటకో, తుపాకీ కాల్చే రేంజ్‌కో వెళ్లే మనవాళ్లెవరైనా పాత రీలోడింగ్ ప్రెస్ కొనే ఆలోచనలో ఉంటే, డబ్బు పంపే ముందు ఇది చదవండి. నాకు 160 డాలర్లు పోయాయి. వేళ్లు విరగలేదు, అదే పదివేలు.

తెలియనివాళ్ల కోసం: పేల్చేశాక మిగిలే తూటా ఇత్తడి గొట్టాన్ని (దాన్నే కేసు అంటారు) డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కి మళ్లీ కొలతకి తెచ్చే చేతి యంత్రం ఇది. అందులో గుండు బిగించేదీ దీనితోనే. టెక్సాస్‌లో మా చుట్టుపక్కల ఎవరిని అడిగినా "పాతదే కొనుక్కో, చచ్చేదాకా ఉంటుంది" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన ఆర్‌సీబీఎస్ కంపెనీ వాళ్ల రాక్ చకర్ లాంటి పోత ఇనుప ప్రెస్సులు, తండ్రి వాడినవి కొడుకులు వాడుతున్నారు. రోజూ తుడిచి, రామ్‌కి (హ్యాండిల్ నొక్కితే కేసుని డైలోకి తోసే కడ్డీ) చుక్క నూనె వేస్తే వాటికి అరుగుదల చాలా తక్కువ.

ఆ నమ్మకాన్నే అడ్డం పెట్టుకుని నాకు పగిలినది అంటగట్టారు.

ఆన్‌లైన్లో ఫొటో చూశాను. ఇంగ్లీషు 'O' అక్షరం ఆకారపు ఇనుప ఫ్రేము, నిగనిగలాడే బూడిద రంగు. "మా తాతది, ఇంకో యాభై ఏళ్లకి ఢోకా లేదు" అని రాశాడు. స్నేహితులకి పంపే పద్ధతిలో డబ్బు పంపమంటే పంపేశాను. అలా పంపితే వెనక్కి రాదని తర్వాత తెలిసింది.

బల్లకి బోల్టులు బిగించి .30-06 సైజు రైఫిల్ కేసులు మొదలుపెట్టాను. నాలుగు బాగానే వెళ్లాయి. ఐదోదానికి హ్యాండిల్ చివర్లో మెత్తగా సాగినట్టు అనిపించింది. కేసుకి రాసే నూనె తక్కువైందేమో అనుకుని మళ్లీ రాశాను. ఏడోదానికి టక్ మంది. హ్యాండిల్ ఒక్కసారిగా కిందికి జారి, వేళ్లు బల్ల అంచుకి కొట్టుకున్నాయి. చూస్తే రామ్ దిగే గొట్టం పక్కన, రంగు మీద వెంట్రుకంత గీత. గోటితో గీకితే రంగు పెచ్చులుగా ఊడొచ్చింది. దాని కింద పుట్టీ. పుట్టీ కింద పచ్చగా ఇత్తడి అతుకు.

ఎప్పుడో కింద పడేసి ఉంటారు. పోత ఇనుము ఒంగదు, పగులుతుంది. దాన్ని ఇత్తడితో అతికి, పుట్టీ పెట్టి, రంగేసి అమ్మారు. గేటుకో స్టాండుకో అయితే ఆ అతుకు చాలు. కానీ ఇక్కడ హ్యాండిల్ నొక్కిన ప్రతిసారీ ఫ్రేము పైభాగం పైకి, కిందిభాగం కిందికి లాగబడుతుంది. పోత ఇనుము నొక్కుడికి ఎంత గట్టిదో లాగుడికి అంత బలహీనం. అమ్మినవాడికి ఫొటోలు పంపితే "ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను" అని ఒక్క ముక్క రాసి బ్లాక్ చేశాడు.

మన ఊళ్లో కుండ కొనేటప్పుడు అమ్మమ్మ వేలితో కొట్టి వినేది, గుర్తుందా? అదే చేయండి. ఫ్రేముని విడిగా వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే అనుమానించండి. రంగు మీద చిన్న అయస్కాంతం జరుపుకుంటూ వెళ్లండి. ఇత్తడి దగ్గర, మందంగా పుట్టీ ఉన్నచోట పట్టు వదులుతుంది. రామ్‌ని పైకెత్తి అటూ ఇటూ ఊపి చూడండి. వదులు ఎక్కువుంటే గుండు కేసులో వంకరగా కూర్చునే అవకాశం ఉంది. దూరం నుంచి కొంటుంటే రామ్ దించి, ఫ్రేము అడుగు భాగం దగ్గర్నుంచి తీసిన ఫొటో అడగండి. పాత యంత్రానికి కొత్త రంగుంటే మాత్రం నేనిక ముట్టుకోను.

ఇంకోటి, బాగున్న ప్రెస్ అయినా మీ డైలు పట్టకపోవచ్చు. ఇప్పటి డైలలో ఎక్కువవాటికి 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు. లైమన్ కంపెనీ ట్రూ-లైన్ జూనియర్ ప్రెస్‌కి 5/8, 30 మరలవి కావాలి. హెర్టర్స్ కంపెనీ పాత ప్రెస్సుల్లో చాలావాటికి వాళ్ల సొంత షెల్ హోల్డర్లే (రామ్ మీద కేసు అడుగుని పట్టి ఉంచే ముక్కలు) పడతాయి. ఆ కంపెనీవి వెతుక్కోవాల్సిందే.

హెచ్-1బీ మీద ఉన్న తమ్ముళ్లు ఇంకా జాగ్రత్త. హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటాలు గానీ మీ దగ్గర ఉండటం ఫెడరల్ నేరం. లాయర్‌ని అడక్కుండా అడుగు వేయకండి. ఇండియాకి పట్టుకెళ్దామనే ఆలోచన అసలే వద్దు. అక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

నా ప్రెస్‌ని సగం ధరకి అడిగినవాళ్లు ఇద్దరున్నారు. ఇవ్వలేదు. పెద్ద సుత్తితో ఆ అతుకు మీదే కొట్టి, రెండు ముక్కలు చేసి, పాత ఇనుము కొట్లో పడేసి వచ్చాను.