జీడి తొక్కా, కొబ్బరి చిప్పా: పైరాలిసిస్‌కి ఏది మేలు?

ఉద్దానం వైపు నుంచి ఎవరు ఫోన్ చేసినా ఈ మధ్య ఒకటే ప్రశ్న. "మా దగ్గర కొబ్బరి చిప్పలున్నాయి, పలాస వెళ్తే జీడి తొక్క దొరుకుతుంది. బొగ్గుతో పాటు నూనె కూడా తీసి అమ్ముకోవాలంటే ఏది వెయ్యాలండీ?"

పైరాలిసిస్ అంటే గాలి తగలకుండా వేడి చేసి, సరుకుని బొగ్గుగా, ఆవిరిగా విడగొట్టడం. ఆ ఆవిరిని చల్లారిస్తే ద్రవం దిగుతుంది. అందరూ ఆ ద్రవం ఎంత దిగుతుందో చూస్తారు. గాలి తగలకుండా 500 డిగ్రీల దగ్గర చకచకా వేడి చేసి, ఆ ఆవిరిని రెండు సెకన్లలో చల్లార్చగలిగితే, ఎండు కట్టె బరువులో 60 నుంచి 75 శాతం దాకా ద్రవమే వస్తుంది. నేను చూసేది అది కాదు. దిగినదాన్ని విడదీయగలమా?

కొబ్బరి చిప్పలో లిగ్నిన్, అంటే కట్టెకి గట్టితనం ఇచ్చే పదార్థం ఎక్కువ, కాబట్టి ఫినాల్ రకాలు బాగానే వస్తాయి. కానీ వాటితో పాటు ఎసిటిక్ ఆమ్లం, ఫర్‌ఫురాల్, నీళ్లు, ఇంకా వందల రకాలు ఒకే డబ్బాలోకి చేరతాయి. నిరుడు పెరట్లో డ్రమ్ము పెట్టి తీసిన ద్రవాన్ని రేకు డబ్బాలో పోసి ఉంచాను. నెల తిరిగేసరికి అడుగున తారు, పైన డికాషన్ రంగు నీళ్లు. మూత అంచు తుప్పు పట్టి, వేలితో నలిపితే రాలిపోయింది. పీహెచ్ 2, 3 మధ్య, అంటే బాగా ఆమ్లంగా ఉండే సరుకు మరి! మరిగించి వేరు చేద్దామంటే చిక్కబడి గిన్నెకి అతుక్కుపోతుంది.

జీడి తొక్క సంగతి వేరు. అందులో నూనె ముందే ఉంది, సుమారు పాతిక శాతం. వేడి తగిలితే అందులోని అనకార్డిక్ ఆమ్లం కార్బన్ డయాక్సైడ్‌ని వదిలేసి కార్డనాల్‌గా మారుతుంది. బ్రేక్ లైనింగులకీ, పెయింట్లకీ అది కావాలి. అందుకే నేనైతే ముందు ఎక్స్‌పెల్లర్‌లో నూనె పిండించి, మిగిలిన పిప్పినే డ్రమ్ములోకి తోస్తాను. తొక్కని నేరుగా 500 డిగ్రీలకి తీసుకెళ్తే కార్డనాల్ కొంత విరిగిపోతుంది. కొనేటప్పుడు ఆవిరి మీద ఉడికించిన పిక్కల తొక్కే అడగండి, వేయించిన వాటిలో నూనె చాలావరకు పోయి ఉంటుంది. చేతులు మాత్రం జాగ్రత్త, ఆ నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్లు బూడిద ఊరికే రాసుకోరు.

కొబ్బరి చిప్పని బొగ్గు కోసం కాల్చుకోండి, యాక్టివేటెడ్ కార్బన్ వాళ్లకి కావలసింది అదే. ఊకంటారా, అందులో అయిదో వంతు దాకా బూడిదే. మిల్లు బాయిలర్‌కి వదిలేయండి.

ఇంత చెప్పినా, కవిటి నుంచి మాట్లాడిన ఒకాయన చిప్పలే వేస్తానన్నారు. సరే, డబ్బా మాత్రం ప్లాస్టిక్‌ది కొనుక్కోమన్నాను.