చెస్ట్ స్ట్రాప్‌తో రెండేళ్లు: వాచీ చెప్పిన 180, నాకు తేలిన 191

40 నిండాక ఇంటర్వల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా పరిగెత్తడం) మొదలెట్టా. చేతికి వాచీ ఉందిగా అని అది చూపే హార్ట్ రేట్ జోన్లే (ఎంత గట్టిగా పరిగెత్తుతున్నామో చెప్పే గుండె వేగం మెట్లు) నమ్మేశా. అది చేసేదల్లా 220 లోంచి వయసు తీసేయడం, అంటే నాకు మ్యాక్స్ (గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో ఆ లెక్క) 180. ఇంకో ఫార్ములా ఉంది, వయసుని 0.7 తో గుణించి 208 లోంచి తీసేయాలి, అదే బెటర్ అంటారని అదీ వేసి చూశా, మళ్లీ 180! సరిగ్గా 40 ఏళ్లకి రెండూ ఒకటే వస్తాయని తర్వాతెప్పుడో తట్టింది, అప్పుడు మాత్రం ఇద్దరు సాక్షులు దొరికినట్టు ఫీలయ్యా.

అలా కొన్ని నెలలు మా చెన్నై బెసెంట్ నగర్ బీచ్ పక్కన 4 ఇంటు 4 చేశా. అంటే 4 నిమిషాలు మ్యాక్స్‌లో 90-95 శాతం దగ్గర, 3 నిమిషాలు నెమ్మదిగా, మొత్తం నాలుగు సార్లు. వాచీ 165 చూపిస్తూ ఎర్రగా వెలుగుతుంటే నేనేమో పక్కన ఫ్రెండ్‌తో రాత్రి సీఎస్కే మ్యాచ్ కబుర్లు చెప్తున్నా. నిజంగా 90 శాతంలో ఉంటే రెండు ముక్కలు మాట్లాడేసరికి ఊపిరి అందదు. అక్కడే అనుమానమొచ్చింది.

అప్పుడు కొన్నా ఈ స్ట్రాప్, ఛాతీకి కట్టుకుంటే గుండె వేగం చూపించే బెల్టు. వాచీ పచ్చ లైటుతో చర్మం కింద రక్తం కదలికని చూస్తుంది కాబట్టి స్పీడుగా పరిగెత్తితే చేతి ఊపునే గుండె అనుకుంటుంది, నాది చాలాసార్లు 168 దగ్గర అతుక్కుపోయేది, తీరా చూస్తే అది నిమిషానికి నా అడుగుల లెక్క. స్ట్రాప్ ఈసీజీ లాగా కరెంటు సిగ్నల్ పట్టుకుంటుంది, ఆ గోల లేదు.

చెన్నైలో మా వైపు ఎక్కడానికి గుట్టలెక్కడివి, అందుకే డాక్టర్‌ని అడిగి జిమ్ ట్రెడ్‌మిల్‌కి ఏటవాలు పెట్టి మ్యాక్స్ చూసుకున్నా, ఇక చాలు బాబోయ్ అనేదాకా వెళ్తే 191. అంటే 90 శాతం వాచీ లెక్కలోని 162 కాదు, 172! ఇన్ని నెలలూ చేసింది ఇంటర్వల్సే కాదన్నమాట. (మా బావ బీపీకి బీటా బ్లాకర్ వేసుకుంటాడు, అది గుండె వేగాన్నే తగ్గిస్తుంది, ఆయనకి ఈ ఫార్ములాలేవీ పనికిరావు.)

ఇంకోటి, నంబర్ వెంటనే ఎక్కదు. మొదటి నిమిషం, నిమిషంన్నర కింద ఉందని తొందరపడి లాగించామా, మూడో రౌండుకే చేతులెత్తేస్తాం. 30 సెకన్ల స్ప్రింట్లకైతే స్ట్రాప్ చూడటమే దండగ. మే నెల ఉక్కలో డిసెంబర్ స్పీడుకే నాకు పది బీట్లు ఎక్కువ, అందుకే నెమ్మదిగా పరిగెత్తాల్సిన ఈజీ రోజుల్లో సిగ్గుపడకుండా నడిచేస్తా.

కంప్లైంట్లు లేవా అంటే ఉన్నాయి. తడపకుండా కట్టుకుంటే చెమట పట్టేదాకా పిచ్చి నంబర్లు, ఓసారి వార్మప్‌లోనే 210. మొదటి బ్యాటరీ మూడు నెలలకే పోయింది, కస్టమర్ కేర్ వాళ్లు రీస్టార్ట్ చేయమన్నారు, బటనే లేనిదాన్ని! తడి బెల్టుకి పాడ్ (బ్యాటరీ ఉండే చిన్న డబ్బా) తగిలించి వదిలేస్తే అది ఆన్‌లోనే ఉంటుందంట, పాడ్ విప్పి పెట్టడం మొదలెట్టాక సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఒక్కటి ఏడాది వచ్చింది. ఉప్పు చెమటకి బెల్టు సాగిపోయి ఒకటి మార్చా.

మొన్న వాచీ అప్‌డేట్ అయ్యి నా మ్యాక్స్ 178 కి దించేసింది, 42 వచ్చాయి కదా మరి. మళ్లీ సెట్టింగ్స్‌లో 191 అని కొట్టా.