నాలుగేళ్లు వాడిన పాత చైన్ రంపం: ఆ ఒక్క ఆయిల్ సీల్ గురించి

గుంటూరులో పాత ఇనుము కొట్లో మట్టి పట్టి పడున్న చైన్ రంపాన్ని 2021లో తెచ్చి, విప్పి, కడిగి మళ్ళీ పనిలో పెట్టాను. అందులో నన్ను ఏడిపించింది ఒక్కటే, ఫ్లైవీల్ వెనక, ఇంజన్ షాఫ్టు చుట్టూ బయటి గాలి లోపలికి రాకుండా ఆపే చిన్న రబ్బరు అంచు రింగు, ఆయిల్ సీల్. దాని మీద కోపం ఇప్పటికీ పోలేదు.

మొదటి ఏడాది కనపడ్డవాళ్ళందరికీ ఈ మిషన్ని పొగిడాను. మూడుసార్లు తాడు లాగితే చాలు, అందుకునేది. ఎండు తుమ్మ మొద్దులో కూడా పొట్టు పిండిలా కాక పెచ్చులుగా రాలేది.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు, తెనాలి దగ్గర మా బాబాయి నిమ్మతోటలో వేపచెట్టు మోటారు షెడ్డు మీద పడింది. మర్నాడు మిషన్ తీసుకెళ్లాను. పది నిమిషాలు బాగానే కోసింది. తర్వాత యాక్సిలేటర్ వదిలేసినా మోత తగ్గలేదు, చైన్ తిరుగుతూనే ఉంది. దీనికి చైన్ బ్రేక్ లేదు. వెంటనే స్విచ్ ఆపేశాను. "ఇంక వద్దురా, మనుషుల్ని పెట్టి గొడ్డళ్లతో కొట్టిద్దాం" అన్నాడు బాబాయి.

తప్పు కార్బొరేటర్‌దే అనుకుని మూడు నెలలు దాని చుట్టూనే తిరిగాను. డయాఫ్రం మార్చాను, జెట్లు ఊదాను. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి విని, "కార్బొరేటర్ని వదిలేయండి బాబూ. స్లోలో పెట్టి మిషన్ని పక్కకి వంచండి. మోత మారితే సీల్ పోయినట్టే" అన్నారు. వంచాను. మోత పెరిగింది.

ఇంటికొచ్చి ఫ్లైవీల్ ఊడదీశాను. సైలెన్సర్, కార్బొరేటర్ దారులు సైకిల్ ట్యూబు ముక్కలతో మూసి, పిస్టన్ కిందకి దింపి, ప్లగ్గు కన్నంలోంచి సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టి, సీల్ మీద సబ్బు నురగ రాశాను. ఒక బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్ళీ అక్కడే ఉబ్బింది. సీల్ తీసి చూస్తే దాని రబ్బరు అంచు గోరులా గట్టిపడిపోయింది. అక్కడ గాలి దూరితే పెట్రోలు వాటా తగ్గుతుంది, యాక్సిలేటర్ వదిలినా మోత దిగనిది అందుకే. ఇంజన్ అరగకుండా పెట్రోల్లో కలిపే 2టీ ఆయిల్ వచ్చేదీ ఆ పెట్రోలుతోనే కాబట్టి తడి లేక పిస్టన్ కూడా వేడెక్కుతుంది. నా పిస్టన్ మీద సైలెన్సర్ వైపు అప్పటికే సన్నటి గీతలు పడ్డాయి. ఇంకొన్నాళ్లు అలాగే నడిపుంటే బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ గోడ కూడా పోయేది.

బేరింగుల కొట్టతను మిషన్ పేరు కూడా అడగలేదు. పాత సీల్ మీదున్న మూడు నంబర్లు, అంటే లోపలి కొలత, బయటి కొలత, మందం, చదవమన్నాడు. పెట్రోలుకీ వేడికీ ఆగే వైటాన్ రకం తీసుకున్నాను.

మూడు లాగుళ్ల మాట మిషన్ చల్లగా ఉన్నప్పటిది. మే ఎండలో వేడి మీద ఆపితే పావుగంట ఆగితే గానీ అందుకోదు. రెండు ట్యాంకులు కోసేసరికి చేతులు తిమ్మిరెక్కుతాయి.

నాకు నెలకు ఒకటి రెండు రోజులే పని, ఆటోనగర్ గంట దూరం, విప్పి బిగించడమంటే ఇష్టం. కాబట్టి నేను దీన్ని వదలను. మా తమ్ముడు ఇలాంటిదే కావాలంటే మాత్రం చైన్ బ్రేక్ ఉన్న కొత్తది కొనుక్కోమన్నాను. వాడికి రోజూ సుబాబుల్ కోత ఉంటుంది.

సీల్ మార్చి ఏడాదిన్నర దాటింది. ప్రతిసారీ కోత మొదలుపెట్టే ముందు ఒకసారి పక్కకి వంచి వింటాను. ఇప్పటిదాకా మోత మారలేదు.