టీఎస్9 ట్యూబ్ స్క్రీమర్: అనంతపురం స్టేజీలకు పనికొస్తుందా?

గిటారిస్టులు స్టీవీ రే వాన్, జాన్ మేయర్ ఇద్దరి సౌండ్‌లోనూ ట్యూబ్ స్క్రీమర్ అనే గిటార్ పెడల్ ఉంది. ఆ టోన్ విని ఈ ఐబనెజ్ పెడల్ కొన్నవాళ్లు డ్రైవ్ నాబ్ పూర్తిగా తిప్పేసి, దోమ గీపెడుతున్నట్టుందే అని తిట్టుకుంటారు. దీని పని డిస్టార్షన్ (గరగరలాడే పగిలిన శబ్దం) కుమ్మరించడం కాదు, ఆంప్‌ను (యాంప్లిఫయర్‌ను) ముందుకు తోయడం. నాబ్‌లను గడియారం ముల్లులా చూస్తే డ్రైవ్ 8 గంటల దగ్గర, టోన్ 12, లెవెల్ 3. ముందుగా ఆంప్ శబ్దమే కాస్త పగిలేలా పెట్టుకోవాలి. చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్ క్లీన్ ఛానెల్‌లో (శబ్దం పగలని సెట్టింగ్‌లో) మాత్రం ఉసూరుమనిపిస్తుంది.

సుమారు 720 హెర్ట్జ్ కింద బేస్ తగ్గించి మధ్య స్వరాలు లేపుతుంది. అందుకే కీబోర్డు, ప్యాడ్‌లు హోరెత్తే మన ఫంక్షన్ హాళ్లలోనూ సోలో మునిగిపోదు. ఒంటరిగా ఇంట్లో వాయిస్తే అదే గుణం పలచగా అనిపిస్తుంది.

హాల్లో గుయ్యిమంటే పెడల్‌ను అనుమానించకండి. జనరేటర్ ఎర్తింగు, సీరియల్ లైట్లు, గిటార్‌లోని సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికను పట్టే, హమ్ ఎక్కువగా లాగే రకం) చూడండి. అడాప్టర్ 9 వోల్ట్, మధ్య పిన్ నెగెటివ్. బ్యాటరీతో వాయిస్తే, అయ్యాక ఇన్‌పుట్ జాక్ పీకేయాలి, లేదంటే వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. డిజిటల్ పెడళ్లతో ఒకే అడాప్టర్ పంచుకుంటే కీచుమంటుంది, దీనికి వేరే లైను ఇవ్వండి.