డిమెన్షియా ఉన్నవారి కంగారుకు ఏ శ్వాస మేలు?

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) ఉన్న అమ్మనో నాన్ననో చూసుకుంటున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. సాయంత్రమయ్యేసరికి కంగారు మొదలవుతోంది, ఏ శ్వాస వ్యాయామం చేయించమంటారు? బాక్స్ బ్రీతింగా, 4-7-8 పద్ధతా, అనులోమ విలోమమా, పొట్టతో పీల్చడమా, తుమ్మెదలా శబ్దం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరీనా?

మన టెన్షన్‌కైతే వీటిలో ఏది చేసినా ఫరవాలేదు. అన్నిటి కిటుకూ దాదాపు ఒకటే. ఊపిరి వదలడం నిదానమైతే మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుంది. అందుకే నేను ముందు చూసేది, ఆ పద్ధతి ఎంత గుర్తుపెట్టుకోమంటుంది అని.

బాక్స్ బ్రీతింగ్‌లో నాలుగు అంకెలు పీల్చి, నాలుగు ఆపి, నాలుగు వదిలి, మళ్లీ నాలుగు ఆపాలి. లెక్కా తప్పకూడదు, ఎక్కడున్నామో కూడా మరిచిపోకూడదు. డిమెన్షియా వచ్చినవాళ్లకు కష్టమయ్యేదే అది. మధ్యలో ఆగిపోయి, పీల్చాలా వదలాలా అన్నట్టు మన ముఖంలోకి చూస్తారు. ఉన్న కంగారుకు తప్పు చేస్తున్నానేమోనన్న బెరుకు తోడవుతుంది. అమెరికన్ డాక్టరు ఆండ్రూ వీల్ ప్రచారంలోకి తెచ్చిన 4-7-8 (నాలుగు పీల్చి, ఏడు ఆపి, ఎనిమిది వదలడం) ఇంకా కష్టం. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లతో ఏడు అంకెలసేపు ఊపిరి బిగబట్టించడం అసలు వద్దు.

ముక్కు రంధ్రాలను వేళ్లతో మార్చి మార్చి మూస్తూ చేసే అనులోమ విలోమం ఏళ్ల తరబడి చేసినవాళ్లైతే వేళ్లకు ఆ అలవాటు మిగిలి ఉండొచ్చు, చేయనివ్వండి. కొత్తగా మాత్రం నేర్పకండి. వేగంగా, బలంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రికల జోలికి పోవద్దు.

పొట్టతో పీల్చడం మంచిదే. వాళ్ల చెయ్యి వాళ్ల పొట్ట మీద పెట్టి, పైన మన చెయ్యి ఆనిస్తే చాలామందికి అందుతుంది. తాకితే చిరాకుపడేవాళ్లతో కుదరదు.

నా ఓటు భ్రామరికే, అదీ బాగా సులువు చేసి. చెవులు, కళ్లు మూయించొద్దు. ఎదురుగా, వాళ్ల కళ్ల ఎత్తులో కూర్చుని, ఏమీ చెప్పకుండా మీరే పెదాలు మూసి ‘మ్‌మ్‌మ్’ అని సాగదీయండి. ఆ శబ్దం వస్తున్నంతసేపూ ఊపిరి బయటికే పోతుంది కాబట్టి లెక్కపెట్టే పని లేకుండానే వదలడం నిదానమవుతుంది. చెప్పింది అర్థం కాని దశలో కూడా చూసి అనుకరించడం, తెలిసిన పాటకు గొంతు కలపడం చాలామందిలో మిగిలి ఉంటాయి. వాళ్లకిష్టమైన పాట రాగమైతే మరీ మంచిది. గొంతు కలిపారా లేదా అన్నది పట్టించుకోకండి. కుర్చీ చెయ్యిని బిగించి పట్టుకున్న వేళ్లు వదులయ్యాయా, పైకి లేచిన భుజాలు దిగాయా చూడండి. ఈ లోపు మీ ఊపిరీ నెమ్మదిస్తుంది. అదీ లాభమే, మన కంగారును వాళ్లు ఇట్టే పసిగడతారు మరి.

కేకలదాకా వచ్చాక మొదలుపెడితే లాభం తక్కువ. రోజూ కంగారుపడే వేళకు కాస్త ముందే కూర్చోబెట్టి చేయించండి, తల తిరుగుతోందంటే ఆపేయండి. ఎన్నడూ లేనిది హఠాత్తుగా కంగారుపడుతుంటే శ్వాస సంగతి తర్వాత. ఒంట్లో నొప్పి, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటివి ఉన్నాయేమో ముందు డాక్టరుకు చూపించండి.