మునిగిన ఓడలోని నిధి ఎవరికి చెందాలి? వెతికినవాళ్లకా, ఓడ మీద ఎగిరిన జెండా ఎవరిదో ఆ దేశానికా (జెండా దేశం), తీర దేశానికా?

1708 జూన్‌లో ఇప్పటి కొలంబియాలోని కార్టజెనా తీరానికి దగ్గర్లో ఇంగ్లిష్ నౌకలతో జరిగిన పోరులో సాన్ హోసే అనే స్పెయిన్ ఓడ మునిగిపోయింది. అందులో ఉన్న దాదాపు 600 మందిలో బతికి బయటపడ్డవాళ్లు కొద్దిమందే. దక్షిణ అమెరికా గనుల నుంచి తెచ్చిన బంగారం, వెండి ఓడతోపాటే అడుగుకు చేరాయి. ఇప్పుడు ఆ ఓడ నాదంటే నాదని నాలుగు పక్షాలు నిలబడ్డాయి. మా జలాల్లో ఉంది కాబట్టి మాదేనని కొలంబియా అంటోంది. అది మా రాజు ఓడ, చచ్చిపోయినవాళ్లు మా నావికులు అని స్పెయిన్ అంటోంది. 1980ల మొదట్లోనే ఆ చోటును మేం కనిపెట్టాం, సగం మాకివ్వాలని ఒక అమెరికా కంపెనీ పట్టుబట్టింది. ఆ వెండిని పోటోసి గనుల్లో తవ్వింది మా ముత్తాతలేనని బొలీవియాలోని ఖారా ఖారా జాతివాళ్లు గుర్తు చేస్తున్నారు.

నలుగురి మాటలోనూ న్యాయం ఉంది. కానీ అందరికీ సమానంగా లేదని నా అభిప్రాయం.

ముందు చట్టం సంగతి రెండు మాటల్లో చెప్తాను. సముద్ర చట్టంలో పాతకాలం నుంచి రెండు పద్ధతులున్నాయి. మొదటిది సాల్వేజ్. ఆపదలో ఉన్న ఓడనో సరుకునో కాపాడినవాడికి యజమాని తగిన ప్రతిఫలం ఇవ్వాలి, సరుకు మాత్రం యజమానిదే. రెండోది దొరికినవాడిదే సొత్తు అనే పద్ధతి. యజమాని ఆ ఓడను వదిలేసుకున్నాడని తేలితేనే ఇది వర్తిస్తుంది. కాబట్టి కోర్టుల్లో వాదన చాలాసార్లు ఆ ‘వదిలేసుకోవడం’ చుట్టూనే తిరుగుతుంది. మూడొందల ఏళ్లు ఏమీ మాట్లాడకపోతే వదిలేసుకున్నట్టా? యుద్ధనౌక విషయంలో కాదని దేశాలు గట్టిగా చెప్తాయి.

వెతికినవాళ్ల పక్షాన చెప్పడానికి అటోచా కన్నా బలమైన కథ లేదు. 1622 సెప్టెంబరులో తుఫానుకు ఫ్లోరిడా దీవుల దగ్గర మునిగిన స్పెయిన్ ఓడ అది. 265 మందిలో ఐదుగురే బతికారు. మెల్ ఫిషర్ అనే అమెరికా నిధి వేటగాడు దాని కోసం 16 ఏళ్లు వెతికాడు. 1975లో పడవ తిరగబడి అతని కొడుకు, కోడలు, ఇంకో డైవర్ చనిపోయారు. అయినా ఆపలేదు. హక్కుల కోసం ఫ్లోరిడా రాష్ట్రంతో సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1985 జులై 20న అసలు నిధి దొరికింది. ఏ ప్రభుత్వమూ ఇంత మొండిగా వెతికేది కాదు. ఆ మనిషి కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

నాకు అభ్యంతరం వాళ్లకు ప్రతిఫలం ముట్టే తీరు మీదే. వెతకడానికి పెట్టుబడిదారుల నుంచి డబ్బు తేవాలి. వాళ్లకు తిరిగి ఇవ్వాలంటే దొరికినవాటిలోంచే ఇవ్వాలి. ఇవ్వడమంటే పంచడం, పంచడమంటే చెల్లాచెదురు చేయడం. పైగా పని పద్ధతి కూడా దానికి తగ్గట్టే మారిపోతుంది. ఫిషర్ మనుషులు పడవ ప్రొపెల్లర్ల వెనక పెద్ద గొట్టాలు బిగించి, ఆ నీటి వేగాన్ని కిందికి మళ్లించి, ఇసుకలో గోతులు పడేలా చేసేవారు. బంగారం కోసమైతే అది పనికొచ్చే పద్ధతే. కానీ ఏ వస్తువు ఏ వస్తువు పక్కన ఉందో చూసి చరిత్ర చదివేవాడికి ఆ గోతుల్లో ఇక చదవడానికి ఏమీ మిగలదు.

గెల్డర్‌మాల్సెన్ అనే డచ్చి ఓడ 1752లో దక్షిణ చైనా సముద్రంలో మునిగింది. అందులోని లక్షన్నరకు పైగా పింగాణీ వస్తువుల్ని, బంగారు కడ్డీల్ని 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేశారు. కొనాలని వచ్చిన చైనా నిపుణులు ఆ ధరలు చూసి వట్టి చేతులతో వెనక్కి వెళ్లారు. ఆ తర్వాతే చైనా సముద్రగర్భ పురావస్తు పరిశోధనను సొంతంగా మొదలుపెట్టింది.

దీని పక్కన యాంటికిథెరా అనే గ్రీకు దీవి దగ్గర దొరికిన ఓడను పెట్టి చూడండి. 1900లో స్పాంజిలు ఏరుకునే గ్రీకు డైవర్లకు రెండు వేల ఏళ్ల నాటి ఓడ కనబడింది. వాళ్లు ప్రభుత్వానికి చెప్పారు. ప్రభుత్వం వాళ్లనే పనిలో పెట్టుకుని, నౌకాదళాన్ని తోడు పంపి, పైకి తీసిన వస్తువులకు డబ్బిచ్చింది. ఆ పనిలో ఒక డైవర్ చనిపోయాడు, ఇద్దరికి పక్షవాతం వచ్చింది. శిల్పాలతోపాటు తుప్పు పట్టిన ఒక కంచు ముద్ద కూడా పైకొచ్చింది. వేలంలో దానికి ఒక్క పాట కూడా వచ్చేది కాదు. మ్యూజియంలో పడి ఉంది కాబట్టి 1902లో దానిలోని పళ్లచక్రం ఒకరి కంటబడింది. గ్రహణాలను లెక్కగట్టే యంత్రం అది! లాభంలో వాటా ఉన్నవాడు కిందికి దిగి ఉంటే ఆ ముద్దను పైకి తెచ్చేవాడా? నాకు నమ్మకం లేదు.

జెండా దేశానిదే హక్కు అనేవాళ్ల పక్షాన మెర్సెడెస్ కేసు ఉంది. 1804 అక్టోబరు 5న పోర్చుగల్ దగ్గర బ్రిటిష్ నౌకల దాడిలో పేలిపోయిన స్పెయిన్ ఓడ అది. 2007లో ఒక అమెరికా కంపెనీ దాన్ని కనిపెట్టి, దాదాపు 17 టన్నుల నాణేలను విమానంలో ఫ్లోరిడాకు తరలించింది. స్పెయిన్ కోర్టుకెక్కింది. నాణేల్లో ఎక్కువ భాగం ప్రైవేటు వర్తకులవని కంపెనీ వాదించింది. అది ప్రభుత్వ సేవలో ఉన్న యుద్ధనౌక, సరుకును ఓడ నుంచి విడదీసి చూడలేమని కోర్టు తేల్చింది. 2012లో నాణేలన్నీ స్పెయిన్‌కు వెళ్లాయి. ఈ దారిలో రెండు మేళ్లున్నాయి. దొరికినవన్నీ ఒక్కచోటే ఉంటాయి, ఓడను సమాధిగా గుర్తించడం కుదురుతుంది.

లోటు కూడా పెద్దదే. ఆ నాణేలు మా నేల మీది లోహంతో, మా దగ్గరే ముద్రించినవని పెరూ అడిగితే ఎవరూ వినిపించుకోలేదు. ఆక్రమించిన సామ్రాజ్యానికే వారసత్వ హక్కు, తవ్వినవాళ్లకు ఏమీ లేదు! పోటోసి గనుల్లో మీతా అనే పద్ధతి కింద ఊళ్లకు ఊళ్ల నుంచి మగవాళ్లను వంతులేసి బలవంతంగా పనికి దింపారు. చట్టంలో వాళ్ల వారసులకు కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు. ఈ సంగతిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

తీర దేశం చేతికి ఇస్తే? తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు దాని మాటే చెల్లుతుంది. కాపలా కాయగలిగేది కూడా అదే. కానీ డబ్బు లేని ప్రభుత్వం ఏం చేస్తుందో ఇండోనేషియాలో చూశాం. బెలిటుంగ్ దగ్గర 1998లో దొరికిన 9వ శతాబ్దపు అరబ్ ఓడను లైసెన్స్ ఇచ్చి ఒక కంపెనీతో తీయించారు. దాదాపు 60,000 వస్తువులు దొరికాయి. వాటిలో చాలా వరకు చైనాలోని చాంగ్షా బట్టీల్లో కాల్చిన గిన్నెలే, ఒకేలా ఉండేవి. వాటిని 2005లో దాదాపు 3.2 కోట్ల డాలర్లకు సింగపూర్ కొనుక్కుంది. తవ్విన పద్ధతి మీద పురావస్తు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పడంతో 2011లో అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో జరగాల్సిన వాటి ప్రదర్శన ఆగిపోయింది. వాళ్ల అభ్యంతరం సరైనదే. అయినా విడివిడిగా అమ్మకుండా ఉంచడం వల్ల ఒక పెద్ద నిజం దక్కింది. సేకరించేవాడికి అందమైన ఒక్క గిన్నె చాలు. చరిత్రకారుడికి ఒకేలాంటివి యాభై వేలు కావాలి, ఆ కాలంలో చైనా నుంచి ఎంత సరుకు ఎగుమతయ్యేదో అప్పుడే తెలుస్తుంది.

అక్కడే వదిలేయమనే వాదన కూడా ఉంది. 2001 నాటి యునెస్కో ఒప్పందం వందేళ్లకు పైగా నీటిలో ఉన్నవాటికి ముందు ఆ మార్గమే చూడమంటుంది, వ్యాపారానికి వాడొద్దంటుంది. సూత్రంగా నాకు నచ్చుతుంది. కానీ సముద్రం అడుగును గీకుతూ లాగే ట్రాల్ వలలు, దొంగ డైవర్లు ఒప్పందాలు చదవరు. తక్కువ లోతులో ఉన్న ఓడకు ఇది రక్షణ కాదు.

ఇన్ని చూశాక నా ఓటు ఒకే పక్షానికి పడదు. హక్కు, కాపలా, కూలి అనే మూడింటినీ విడదీయాలి. ఫ్రాన్స్, టెక్సాస్ కలిసి చేసింది అదే. 1686లో మునిగిన లా బెల్ అనే ఫ్రెంచి ఓడ 1995లో టెక్సాస్ తీరంలో దొరికింది. 2003 ఒప్పందం ప్రకారం హక్కు ఫ్రాన్స్‌ది, 99 ఏళ్లపాటు కాపాడే బాధ్యత టెక్సాస్‌ది. అంతకు చాలా ముందే, 1972లో, ఆస్ట్రేలియా తీరంలో మునిగిన తమ పాత ఓడల హక్కును డచ్చివాళ్లు ఆస్ట్రేలియాకే రాసిచ్చారు. ఇలాంటివి కోర్టు తీర్పుల కన్నా మెరుగ్గా నిలుస్తాయి.

ఇక వెతికినవాడి కూలి. డబ్బివ్వాలి, మంచి డబ్బే ఇవ్వాలి, వస్తువుల్లో వాటా మాత్రం ఇవ్వకూడదు. లేకపోతే వలలో నాణెం పడ్డ జాలరి దాన్ని దాచేస్తాడు. బ్రిటన్‌లో మునిగిన ఓడ వస్తువు ఏది దొరికినా 28 రోజుల్లో రిసీవర్ ఆఫ్ రెక్ అనే అధికారికి చెప్పాలి. చెప్పినవాడికి ప్రతిఫలం ఉంటుంది. యజమాని ముందుకు రావడానికి ఏడాది గడువు. భయపెట్టడం కన్నా ఇది నయం. వాటా లేకపోతే 16 ఏళ్లు ఎవడు వెతుకుతాడు అంటారు. 2015లో సాన్ హోసేను గుర్తించింది నీటి అడుగున సొంతంగా తిరిగే ఒక రోబో. డాల్ఫిన్ బొమ్మలు చెక్కిన కంచు ఫిరంగుల ఫొటోలతో అదే ఓడని తేలింది. కాలం మారింది. అయినా కొన్ని ఓడలు ఇంకో వందేళ్లు దొరక్కపోయినా నాకు టెన్షన్ లేదు.

ఒక మినహాయింపు మాత్రం ఒప్పుకుంటాను. 1942లో మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ ఎడిన్‌బరోలో ఉన్నది 465 బంగారు కడ్డీలు, సోవియట్ యూనియన్ చెల్లింపు. 1981లో వాటిలో 431 పైకి తీసినవాళ్లకు ముందే రాసుకున్న ఒప్పందం ప్రకారం 45 శాతం దక్కింది, మిగతాది బ్రిటన్, సోవియట్ ప్రభుత్వాలు పంచుకున్నాయి. కడ్డీ కరిగినా చరిత్రకు పోయేదేమీ లేదు. అక్కడ చనిపోయిన నావికులను కదపనంత వరకు అలాంటి సరుకులో వాటా ఇవ్వడం తప్పనిపించదు.

సాన్ హోసే నుంచి 2025 నవంబరులో కొలంబియా మొదటగా పైకి తెచ్చినవి ఒక ఫిరంగి, ఒక పింగాణీ కప్పు, కొన్ని నాణేలు. వాటిని అమ్మకూడదు, కొలంబియాలోనే ఉంచాలి. అవి ప్రదర్శనకు వచ్చిన రోజున నాణేల పక్కన పెట్టే ఫలకం మీద స్పెయిన్ రాజు పేరుతోపాటు పోటోసి పేరు, ఖారా ఖారా పేరు కూడా చూడాలని ఉంది. ఆ ఫలకం మీద ఏం రాయాలో వాళ్లనే పిలిచి అడగాలి.