ప్రొపెల్లర్ షాఫ్ట్ యాంగిల్: టేపర్ షిమ్మా, గేర్‌బాక్స్ ప్యాకింగా, ఏది మేలు?

వెనక చక్రాలు లాగే బండి, అంటే బొలెరో, పాత అంబాసిడర్, ఆమ్నీ లాంటివి, పొడుగు షాకిల్ (వెనక కమాన్ చివరని ఛాసిస్‌కి కలిపే లింకు) వేసి వెనక హైట్ లేపాక, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే పొడుగు పైపు) వాలు మారి వణుకు మొదలైతే మన షెడ్లలో రెండు మందులు చెప్తారు. ఒకటి కమాన్‌కీ (పట్టీల స్ప్రింగు) హౌసింగ్‌కీ (వెనక యాక్సిల్ గొట్టం) మధ్య టేపర్ షిమ్ (ఒకవైపు మందం, ఇంకోవైపు పలచన ఉండే ముక్క), రెండోది గేర్‌బాక్స్ కింద ఉండే క్రాస్‌మెంబర్‌కి (ఛాసిస్ అడ్డ పట్టీ) ప్యాకింగ్ పెట్టి గేర్‌బాక్స్ వెనక భాగాన్ని కొంచెం కిందికి దించడం. అనంతపురంలో ఒకాయన షిమ్మే అంటాడు, గుత్తిలో ఇంకొకాయన ప్యాకింగ్ చాలప్పా అంటాడు, ఇద్దరూ కొలవకుండానే చెప్తారు, నాకు మండేది అక్కడే.

షాఫ్ట్ రెండు చివర్లా ఉండే క్రాస్ జాయింట్ (యూనివర్సల్ జాయింట్) వంగి తిరిగితే షాఫ్ట్ ఒకే స్పీడులో తిరగదు, ఒక్కో చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతాది, వణుకు దాన్నుంచే. ముందు జాయింట్, వెనక జాయింట్ ఒకే యాంగిల్‌లో ఉండి, షాఫ్ట్ రెండు చివర్ల యోకులు (క్రాస్‌ని పట్టుకునే ఫోర్కులు) ఒకే లైన్లో ఉంటే ఒకటి చేసిన తేడాని ఇంకొకటి సరిచేస్తాది. హైవే స్పీడుకి ఒక్కో జాయింట్ 3 డిగ్రీలు దాటకుండా, రెండింటి మధ్య తేడా 1 డిగ్రీ లోపల ఉంటే మంచిది. పూర్తిగా సున్నా కూడా వద్దు, క్రాస్ లోపలి నీడిల్ బేరింగులు (సన్న కడ్డీల బేరింగులు) కదలక ఒకేచోట గుంట పడతాయి, అందుకే అర డిగ్రీ నుంచి 1 డిగ్రీ అయినా ఉండాల.

కొలవడానికి ఫోన్ యాప్ అంటారా, ఎక్కువ తక్కువల అంచనాకి పనికొస్తాది గానీ కెమెరా ఉబ్బు వల్ల సరిగ్గా ఆనదు, కింద పడుకుంటే స్క్రీనూ కనపడదు. మాగ్నెట్ ఉన్న చిన్న డిజిటల్ యాంగిల్ గేజ్ దీనికంటే చానా నయం. గేర్‌బాక్స్ ఔట్‌పుట్ ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బిగించే చదును బిళ్ల), షాఫ్ట్ పైపు (వెల్డింగు, బ్యాలెన్స్ ముక్క లేని చోట), పినియన్ (హౌసింగ్‌లో షాఫ్ట్ తిప్పే గేరు) ఫ్లాంజ్, ఈ మూడు చోట్ల కొలవాల. ఫ్లాంజ్ ముఖం షాఫ్ట్‌కి అడ్డంగా నిలబడి ఉంటాది కాబట్టి అక్కడ వచ్చిన రీడింగ్‌లో 90 తీసేయండి. నేల లెవెల్‌గా లేకపోయినా పర్లేదు, మనకి కావాల్సింది తేడాలే కదా, కొలిచేంతసేపూ బండి కదలకుంటే చాలు. కానీ బండి బరువు టైర్ల మీదే ఉండాల, ఛాసిస్‌కి జాకీ పెట్టి హౌసింగ్ వేలాడుతుండగా కొలిస్తే ఆ లెక్క చెత్తబుట్టకే.

ఇప్పుడు ఉదాహరణ. గేర్‌బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ 8, షాకిల్ పొడుగు వల్ల పినియన్ ముక్కు పైకి లేచి 5 అనుకుందాం. జాయింట్ యాంగిల్ అంటే పక్కపక్క వాలుల తేడా, అంటే ముందు జాయింట్ (8లో 3 పోతే) 5, వెనక జాయింట్ (8లో 5 పోతే) 3. షిమ్‌తో పినియన్ ముక్కుని 2 డిగ్రీలు దించితే 5, 5 అయి సమానం అవుతాయి, కానీ రెండూ ఎక్కువే, గుత్తి నుంచి అనంతపురం దాకా 44వ నంబర్ హైవే మీద స్పీడుగా తోలితే క్రాసులు తొందరగా పోతాయి. అదే గేర్‌బాక్స్ వెనక భాగాన్ని 25 మిల్లీమీటర్లు దించితే (ఇంజన్ మౌంటింగ్ నుంచి 90 సెంటీమీటర్లు, షాఫ్ట్ పొడవు 130 అనుకుంటే) ముందు జాయింట్ సుమారు 2.3కి, వెనకది 1.9కి వస్తాయి. ఒకే పనితో రెండూ తగ్గాయి చూడండి, షిమ్ అయితే వెనకదాన్ని మాత్రమే కదిలిస్తాది.

అట్లని ప్యాకింగే గొప్ప అనుకోవద్దు. గేర్‌బాక్స్ వెనక దిగితే ఇంజన్ ముందు భాగం లేస్తాది, ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు, గేర్ లివర్, సైలెన్సర్ పైపు, అన్నీ చూసుకోవాల. వాషర్లు పేర్చి పని కానిచ్చేవాళ్లున్నారు, అది వద్దు, ఒకే మందం ఇనుప ముక్క కోయించి పొడుగు బోల్టు వేయించండి.

ముందు జాయింట్ సరిగ్గా ఉండి వెనకదే తేడా ఉంటే మాత్రం షిమ్మే మేలు, ఇంకో మాట లేదు. పైగా యాక్సిలరేటర్ తొక్కితే కమాన్ మెలిపడి పినియన్ ముక్కు పైకి లేస్తాది, అందుకని కమాన్ బండికి నిలబడ్డప్పుడు ముక్కు 1 నుంచి 2 డిగ్రీలు కిందికి పెట్టుకోవడం మంచిది, తోలేటప్పుడు ఆ తేడా తగ్గిపోతాది, పైన చెప్పిన బండికి ప్యాకింగ్ అయ్యాక కూడా ఒక 1 డిగ్రీ షిమ్ నేనైతే వేయిస్తా. షిమ్ ఇనుముదే తీసుకోండి, అల్యూమినియం నలిగిపోతాది, పగులుతాది. కమాన్ హౌసింగ్ పైన కూర్చున్న బండిలో మందం వైపు వెనక్కి పెడితే ముక్కు లేస్తాది, ముందుకి పెడితే దిగుతాది, కమాన్ హౌసింగ్ కింద ఉంటే ఇదంతా తిరగబడుతుంది. సెంటర్ బోల్టు పొడుగుది వేసి, కొన్ని వందల కిలోమీటర్లు తోలాక యూ బోల్టులు మళ్లీ బిగించండి.

ఇదంతా కారులా తోలే బండికి. కడప బండలు మోసే పికప్‌కి కమాన్‌లో పట్టీ జాస్తి వేయించి, ఖాళీగా వచ్చేటప్పుడు వణుకుతాందని షిమ్ వేయిస్తారు కొందరు. లోడు పడితే వెనక దిగి షాఫ్ట్ వాలు తగ్గిపోతాది, వేసిన షిమ్ అప్పుడు ఎదురు తిరుగుతాది. ఆ బండికి షిమ్మూ ప్యాకింగూ రెండూ వద్దు, రోజూ మోసే లోడు ఎక్కించి ముందు అట్లనే కొలవండి.